ఎడంచేతి ముడి

"గ్లౌజేది?" అన్నాడు.

"వాకిట్లో మేకుకే ఉంది మావా."

"లోపలెట్టీ. వానొచ్చీలాగుంది."

"పెడతాన్లే. నువ్వు తొంగో."

మలేసియాలో ఇపో ఊరి ఆస్పత్రిలో ఒక మధ్యాహ్నం మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. కిటికీలోంచి చూస్తే వాన లేదు సరికదా, మబ్బు తునక కూడా లేదు. పోయేవాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటారంటారు. మా ఆయన తోలు గ్లౌజుని తలుచుకున్నాడు. అది అన్నేళ్ళు ఇంట్లోకి రాకుండా వాకిట్లోనే ఎందుకు వేలాడిందో చెప్పాలంటే పందొమ్మిది వందల యాభై రెండుకు వెళ్ళాలి.

రాస్తున్నది నేను కాదు. నాకు సంతకం ఒక్కటే వచ్చు, అదీ వంకరే. నా కూతురి కొడుకు మురళి రాస్తున్నాడు. వాడు మాట్లాడేది సగం తమిళం, కానీ ఆదివారం తరగతులకు వెళ్ళి తెలుగు రాయడం నేర్చుకున్నాడు. పాత పనివాళ్ళ అనుభవాలు పుస్తకంగా వేస్తున్నారట. "అమ్మమ్మా, నీ పని గురించి చెప్పు" అన్నాడు. "నాదేటి పనిరా, బంతులు కుట్టినాను, గ్లౌజులు కుట్టినాను" అన్నాను. "అదే చెప్పు-లా" అన్నాడు, ఇక్కడివాళ్ళ యాసలో. నేను నా మాటలో చెబుతుంటే వాడు పుస్తకం మాటలోకి దిద్దుతున్నాడు. దిద్దుకోనీ.

ఈ దేశాన్ని మలయా అనే ఆ రోజుల్లో ఇంగ్లీషు సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ మొదలై నాలుగేళ్ళయింది అప్పటికి. అడవిలో కమ్యూనిస్టులు, బయట సర్కారు, మధ్యలో మేము. మా రబ్బరు తోట ఇపోకి ఒక పూట ప్రయాణం. లైన్లకు, అంటే కూలీల ఇళ్ళ వరసలకు, చుట్టూ ముళ్ళకంచె వేసి ఒక్క గేటు పెట్టారు. బయటికి వెళ్ళేవాళ్ళను తలనుంచి కాళ్ళదాకా తడిమి పంపేవారు. పిడికెడు బియ్యం దాటకూడదు, అడవిలో వాళ్ళకు చేరుతుందని. కాగితం ముక్క దాటకూడదు, కబురు చేరుతుందని. అనుమానం గట్టిపడితే మనిషిని తీసుకెళ్ళి ఇండియా ఓడ ఎక్కించేసేవారు. పెళ్ళాం బిడ్డలు ఇక్కడే మిగిలిపోయినా సరే. మా లైనులోనే ఒకామె మొగుణ్ణి అలా పంపించేశారు. ఆమె రోజూ గేటు వైపు చూస్తూ పళ్ళు తోముకునేది. ఆ భయం మాకందరికీ ఉండేది.

మా తోట అమెరికా వాళ్ళది. పక్క తోటల్లో ఇంగ్లీషు దొరలు క్రికెట్టు ఆడితే మా దొరలు బేస్‌బాల్ ఆడేవారు. ఆదివారం ఆదివారం ఇంకో అమెరికా తోటతోనూ, తగరం గనిలో పనిచేసే వాళ్ళ మనుషులతోనూ పోటీ. జట్టుకు తొమ్మిదిమంది కావాలి. మా దొరలు ఆరుగురే. మిగిలిన ముగ్గురినీ కూలీల్లోంచే తీసుకునేవారు.

మావ, అంటే మా ఆయన, పేరు సన్యాసి, స్వయానా మా అమ్మకు తమ్ముడు. మా భీమిలి వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలే. ఒకరోజు ఆయన మైదానం అంచున గడ్డి కోస్తున్నాడట. బంతి ఒకటి నెత్తిమీదుగా వచ్చింది. కొడవలి పడేసి, నాలుగు అంగలు వెనక్కి వేసి, ఎడంచేత్తో గాలిలోనే అందుకుని తిరిగి విసిరాడట. పెద్దదొర నోట్లో చుట్ట కింద పడిపోయిందని మావ చెప్పేవాడు. చుట్ట సంగతి నాకు నమ్మకం లేదు గానీ, మర్నాటి నుంచి ఆయన్ని రబ్బరు చెట్ల గీత పని మాన్పించి ఆటలో పెట్టారు. పొద్దున మైదానం చదును చెయ్యడం, సాయంత్రం దొరల సాధనకు బంతులు అందుకోవడం, ఆదివారం పోటీ. అందరూ సరదాకి ఆడితే మా ఆయన కూలికి ఆడాడు. మెర్డెకా, అదే ఈ దేశానికి స్వతంత్రం, వచ్చేదాకా ఆయన ఉద్యోగం అదే.

ఆయన నిలబడే చోటును ఔట్‌ఫీల్డు అంటారు. ఆట అంతా మధ్యలో జరుగుతుంది. దూరంగా గడ్డిలో ముగ్గురు నిలబడి ఉంటారు, వాళ్ళలో నడిమివాడు మావ. బంతి ఆకాశంలోకి లేస్తే దాన్ని ఫ్లై బాల్ అంటారు. అది నేలను తాకకముందే పట్టుకుంటే కొట్టినవాడు ఔటు. ఒక్కోరోజు గంటలు గడిచినా ఒక్క బంతి రాదు. "ఊరికే నిలబడ్డానికి కూలేటి?" అని నేను ఎగతాళి చేస్తే, "నిలబడ్డమే కష్టమే గౌరీ. వచ్చీది ఒక్కటే బంతి, అది వచ్చినప్పుడు నువ్వు అక్కడుండాల" అనేవాడు. బంతిని చూసి పరుగెత్తకూడదట. కర్రకు తగిలిన చప్పుడు విని, అది ఎక్కడ పడుతుందో అక్కడికి ముందే వెళ్ళి నిలబడాలట.

ఇక నా పని. ఈ దేశపు చెమ్మకు తోలు కుళ్ళిపోతుంది, కుట్లు విడిపోతాయి. అమెరికా నుంచి కొత్తవి రావాలంటే నెలలు పట్టేది. మావ ఒకరోజు విడిపోయిన బంతి తెచ్చి, "అక్క వల కట్టినట్టు ఇది కట్టగలవేటే?" అని అడిగాడు. మా అమ్మ నూకాలమ్మ ఒడ్డున వలలు బాగుచేసేది. పెళ్ళయ్యాక అమ్మను వదిలి ఓడెక్కి వచ్చినప్పుడు నేను తెచ్చుకున్నది ఆ చేతిపని ఒక్కటే. బంతికి తెల్లతోలు ముక్కలు రెండు, ఎర్రదారంతో నూట ఎనిమిది కుట్లు. అష్టోత్తరం లెక్కే. రెండు సూదులతో ఒకేసారి కుట్టాలి, దారానికి తేనెమైనం పట్టించాలి, బిగువు ఎక్కడా మారకూడదు. మారితే బంతి గాలిలో వంకర పోతుందని దొరలు గోల పెట్టేవారు. గ్లౌజు అయితే అరచేతిలో దూది మెత్త ఉంటుంది, అది అణిగిపోతే మణికట్టు దగ్గర కుట్టు విప్పి కొత్త దూది పెట్టి మూసేదాన్ని. చివర వేసేది మా అమ్మ ముడి, నీళ్ళలో నానేకొద్దీ బిగుసుకునేది.

తోలును దేవుడున్న ఇంట్లోకి తేకూడదని నా పట్టింపు. అందుకే గ్లౌజు వాకిట్లో మేకుకి, నా పని అరుగు మీద. పక్కింటి పైడమ్మ ఊరుకునేది కాదు.

"ఏటే గౌరమ్మా, రేపు దొర్ల సెప్పులు కూడా కుడతావేటి?"

"కుడతాను. దారం మిగిల్తే నీ నోరు కూడా కుడతాను."

ఆ ఏడు నాకు కడుపు. అంతకుముందు ఒకటి ఏడో నెలలో పోయింది. అందుకని అందరూ నన్ను గాజుబొమ్మలా చూసేవారు. అమ్మ నుంచి ఉత్తరం వస్తే మావే చదివి వినిపించేవాడు. మా తమ్ముడు అప్పన్న రాసేవాడు. నేను చెబితే తిరుగు జాబు మావ రాసేవాడు. ఒక బుధవారం మధ్యాహ్నం ఆయన ఆఫీసు వైపు నుంచి వచ్చాడు. తల తడిసి ఉంది, చొక్కా ఒంటికి అంటుకుని ఉంది.

"ఇదేటి, ఈయాల్టప్పుడు తానం?"

"గడ్డి కోస్తే ఒళ్ళంతా దురదలే."

"ఉత్తరం వొచ్చిందంట? పైడమ్మ సెప్పింది."

"వొచ్చింది. అందరూ బాగున్నారు. ఆవు ఈనింది. అక్క నిన్ను నీల్లు మొయ్యొద్దంది."

"ఏదీ, సదువు."

"సదివీసినాను కదే, అదే అందులో ఉంది. కాయితం ఆఫీసులో మర్సిపోనాను."

నేను నవ్వుకున్నాను కూడా, అంత దూరాన్నుంచి అమ్మకు నా నీళ్ళ బిందె కనిపిస్తోందని. తర్వాత దీపావళికి తలంటుకుని, పూలు పెట్టుకుని, అరిసెలు వండాను. అమ్మకు మూడు ఉత్తరాలు రాయించాను. "అమ్మా, ఈసారి బిడ్డ బాగా తన్నుతోంది" అని చెబితే ఆయన తలవంచుకుని రాసేవాడు.

ఎనిమిదో నెల. ఆదివారం పొద్దున్నే పక్క తోటలో పోటీ, లారీ గేటు దగ్గర ఆగింది. మలాయ్ కాపలావాడు ఒక్కొక్కరినీ తడుముతూ మావ గ్లౌజు పట్టుకుని నొక్కాడు. దూది చప్పుడు చెయ్యదు. అది చప్పుడు చేసింది. "అపా ఇని?" అన్నాడట, ఏమిటిది అని. కత్తితో మణికట్టు దగ్గర కోస్తే దూది మధ్య నుంచి మడతపెట్టిన నీలం కాగితం ఊడిపడింది. దానిమీద రాత ఎవరికీ తెలియని రాత. లారీలో ఉన్న దొరలు దిగి ఏదో చెప్పబోయారు గానీ, మావను జీపు ఎక్కించి తీసుకుపోయారు.

గంట గడవకముందే నా కోసమూ జీపు వచ్చింది. గ్లౌజులు కుట్టేది ఎవరని అడిగితే లైనంతా నా గుమ్మమే చూపించింది మరి.

స్టేషనులో ఒక బల్ల, దాని వెనక ఇంగ్లీషు దొర, పక్కన తమిళ సార్జెంటు. బల్లమీద గ్లౌజు కడుపు కోసిన చేపలా పడి ఉంది. మావ గోడవారన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

సార్జెంటు గ్లౌజు నా చేతిలో పెట్టాడు. "ఇదు యారు తైచ్చదు?" ఎవరు కుట్టారని.

నేను కుట్టు చూశాను. చెయ్యి తిరిగినవాళ్ళకు ఒక్క చూపు చాలు. కుట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, మైనం పట్టించలేదు. చివర ముడి ఒకటి కత్తికి తెగకుండా మిగిలింది. అది మా అమ్మ ముడే. కానీ తిరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు తిరిగి ఉంది. మా ఇంట్లో ఆ ముడి తెలిసినవాళ్ళలో ఎడంచేతివాడు ఒక్కడే. విసిరేది ఎడంచేత్తో గనకే ఆయన గ్లౌజు కూడా అందరిలా ఎడమకు కాదు, కుడిచేతికి.

నేను కుట్టలేదు అంటే, మావ కుట్టాడని అర్థం. నాకు తెలియకుండా, నా పనిలోకి దూరి, నా కళ్ళు కప్పి కుట్టాడని అర్థం. దాస్తే పాపం, ఆ క్షణాన నేను నమ్మాను. అడవిలో వాళ్ళతో ఈయనకు ఏదో ఉందనే నమ్మాను. ఆదివారాలు ఆ కంచె పక్కన ఒంటరిగా నిలబడేది ఈయనే కదా. ఓడెక్కించేస్తారు. బిడ్డ పుట్టేసరికి తండ్రి సముద్రం మీద ఉంటాడు.

"నాందాన్ తైచ్చేన్" అన్నాను. నేనే కుట్టానని.

"అబద్దం దొరా!" మావ అరిచాడు. "దానికేటీ తెల్దు. నానే కుట్టినాను. దాన్ని ఇంటికి పంపించీండి."

"నువ్వూరుకో మావా."

"నువ్వూరుకోయే! నీకు తెల్దు."

సార్జెంటు ఇద్దరినీ మార్చి మార్చి చూసి దొరకు చెప్పాడు. నేరం ఒకటి, ఒప్పుకునేవాళ్ళు ఇద్దరు. దొరకు అది ఇంకా పెద్ద అనుమానమైంది. తోట ఆఫీసులో రాతపని చేసే తెలుగు కిరాణి అప్పలస్వామి గారిని పిలిపించాడు. ఆయన కాగితం అందుకోగానే మావ ముందుకొచ్చి దండం పెట్టాడు.

"కిరాణి గారూ, మీ కాల్లట్టుకుంటాను. దాని ముందట సదవకండి. దాన్ని బయటికి పంపీసి సదవండి."

దొర ఆ మాటల అర్థం అడిగి తెలుసుకుని, నన్ను కదలొద్దన్నాడు.

కిరాణి గారు కాగితం విప్పి పై నుంచి చూసి ఆగిపోయారు. "తల్లీ," అన్నారు నాతో, "మొదట్లో శ్రీ లేదమ్మా."

మనవాళ్ళు ఏ ఉత్తరమైనా శ్రీకారంతో మొదలుపెట్టి, ఇక్కడ క్షేమం అక్కడ క్షేమం అని రాస్తారు. చావు కబురుకు మాత్రం అవి ఉండవు. ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. ఎవరన్నదే మిగిలింది.

ఆయన చదివారు. మా తమ్ముడు మావకు రాశాడు. అమ్మ మూడు రోజులు జ్వరంతో పడి ఉండి కాలం చేసింది. చివరి రోజు నన్నే కలవరించింది. వల సూది ఒకటి నాకోసం తీసి ఉంచమంది. "అక్కకు నెలలు నిండుతున్నాయి గనక ఎప్పుడు చెప్పాలో మావయ్యా నువ్వే చూసుకో" అని ముగించాడు. అంతే ఉత్తరం.

సార్జెంటు తిప్పి చెబితే దొర నవ్వాడు. తర్వాత సార్జెంటే నాకు చెప్పాడు ఆయన అన్నది. ఈ కిరాణి వీళ్ళ మనిషే, ఏం రాసి ఉందో ఏం చదువుతున్నాడో ఎవరు చూడొచ్చారు? ముసలమ్మ చచ్చిపోయిందంటే అడవిలో ఇంకేదో అని అర్థమేమో. తల్లి చావు కబురు ఎవడైనా ఆడుకునే గ్లౌజులో కుడతాడా?

నేను అదేమీ వినలేదు. చావు కబురు చెవిన పడ్డాక ఒంటిమీది బట్టలతో తలమీద నీళ్ళు పోసుకోవాలి. అది ఒక్కటే తెలుసు. బయట జీపులు కడిగే తొట్టి కనిపించింది. జడ విప్పాను, తలలో పూలు తీసి పారేశాను, బకెట్టు ముంచి నెత్తిన కుమ్మరించుకున్నాను. ఒకటి, రెండు, మూడు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో కడుపులో బిడ్డ ఉలిక్కిపడింది. అప్పుడు ఏడుపొచ్చింది. "అమ్మా, నీకు దీపావలి అరిసెలు సెప్పి పంపినానే" అని ఏడ్చాను. స్టేషనంతా బయటికి వచ్చి నిలబడింది.

"అయ్యో, వయిత్తుప్పిళ్ళైక్కారి!" అని సార్జెంటు పరిగెత్తుకొచ్చాడు, కడుపుతో ఉన్నదని. నా చేతిలోంచి బకెట్టు లాక్కుని, మావను సంగతి అడిగి, అక్కడే నిలబడి దొరకు ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. సార్జెంటు వాళ్ళమ్మ కూడా ఒకప్పుడు ఇలాగే చేసిందట. చావు ఉత్తరం ఇంట్లో ఉంచరు, చదవగానే చింపేస్తారు, వీడు చింపలేక, గడప లోపలికి తేలేక, గడప బయట వేలాడేదానిలో దాచాడు, అని చెప్పాడట. ఎనిమిదో నెల ఆడది అబద్ధానికి ఇలా నీళ్ళు పోసుకోదు అన్నాడట.

మావ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పోయింది నాకు అమ్మ, ఆయనకు తోడబుట్టిన అక్క, చంకన వేసుకుని పెంచిన అక్క. కానీ ఆయన తొట్టి వైపు చెయ్యి చాపలేదు, తల తడుపుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ బుధవారం, ఆ తడిసిన చొక్కా. ఆయన స్నానం ఎప్పుడో అయిపోయింది. ఒక్కడే చేసేసుకున్నాడు.

సాయంత్రానికి మమ్మల్ని వదిలేశారు. గ్లౌజు ఇచ్చారు. ఉత్తరం వాళ్ళ ఫైలులోనే ఉండిపోయింది, మళ్ళీ నా చేతికి రాలేదు. నేను దాన్ని వినడం ఆ ఒక్కసారే.

ఇద్దరం నడిచి ఇంటికి బయల్దేరాం.

"నన్ను అడివోల్ల మనిసనుకున్నావు కదా?" అన్నాడు.

"అనుకున్నాను."

"అనుకుని కూడా నానే కుట్టినాననీసినావా?"

నాకు కావలసింది వేరే. "ఎందుకు సెప్పలేదు మావా? నా కడుపుకా, మైలొస్తే నీ ఆట ఆగిపోతాదనా?"

ఆయన ఆగాడు. "ముందర నీ కడుపుకే. తర్వాత తర్వాత... రోజూ సెప్దామనే వొచ్చీవోన్ని. నువ్వు ఉత్తరం రాయమని కూకునీదానివి. అక్కకి రాస్తన్నంతసేపూ అక్క ఉన్నట్టే ఉండీది. ఆ మైదానంలో నిలబడి ఏడ్సీవోన్ని గౌరీ, ఎవులికీ కనపడదు అక్కడ."

పెళ్ళైన కూతురికి మూడు రోజుల మైల. ఆ మూడు రోజులూ నేను ఆయనతో మాట్లాడలేదు, గ్లౌజు ముట్టుకోలేదు. తర్వాతా ముట్టుకోలేదు. రెండు ఆదివారాలు ఆయన చిరిగిన గ్లౌజుతోనే ఆడాడు. రెండో వారం నడినెత్తిన వచ్చిన బంతి దూది లేని అరచేతిలోంచి జారిపోయింది. దొరలు తిట్టారట. ఆయన నాకు చెప్పలేదు, కమిలిన అరచెయ్యి చెప్పింది. నెల తిరక్కుండా నా కూతురు పుట్టింది, ఏడుపుతో లైను అదరగొట్టింది. పురిటి స్నానం అయ్యాక అరుగు మీద కూర్చుని గ్లౌజు ఒళ్ళో పెట్టుకున్నాను. మైనం పట్టించిన దారంతో మణికట్టంతా కుట్టాను. ఆ ఎడంచేతి ముడిని మాత్రం విప్పలేదు. దాని పక్కనే నా ముడి వేశాను.

మెర్డెకా వచ్చిన ఏడాదే దొరలు తోట అమ్మేసి వెళ్ళిపోయారు. ఆఖరి పోటీలో ఆయన నాలుగు పట్టాడు. మైదానంలో తర్వాత పిల్లలు ఫుట్‌బాల్ ఆడారు. మావ మళ్ళీ రబ్బరు గీతకు వెళ్ళాడు, నేను టౌనులో గోనెసంచులు కుట్టాను. గ్లౌజు మాత్రం ఏ ఇంటికి మారినా వాకిట్లో మేకుకే. ఆయన పోయిన రోజు లోపలికి తెచ్చాను. దేవుడి దగ్గర కాదులే, నా మంచం పక్కన ఉంది.

ఈ పని నాకేం నేర్పింది అని అడుగుతున్నాడు మురళి. కుట్టు చూస్తే అది ఎవరి చెయ్యో, కోపంలో కుట్టారో దిగులులో కుట్టారో చెప్పగలను. రాత చూస్తే ఏమీ చెప్పలేను. చదివేవాళ్ళు ఏది చదివితే అదే నాకు ఉత్తరం. అమ్మ పోయాక నేను చెప్పగా రాసిన ఆ మూడు ఉత్తరాల్లో నా మాటలే ఉన్నాయో, తమ్ముడికి ఇంకేదైనా రాశాడో, ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయనది ప్రేమే. కానీ ఆ నెలా నెలన్నర మా అమ్మ కోసం నేను ఏడవలేదు. అది నాకు తిరిగి రాలేదు. రెండూ నిజమే, రెండూ రాయి.

రాశావా? ఒరే మురళీ, ఇందాక స్టేషను దగ్గర, మీ తాతను నేను అనుమానించానని చెప్పినప్పుడు నీ కలం ఆగింది. నాకు వినబడింది. అక్కడేం రాశావో నాకు తెలియాలి. మాట దిద్దుకో, సంగతి దిద్దకు. నేను బాధపడతానని ఒక్క ముక్క కూడా మింగకు.

ఏదీ, మొదట్నుంచి చదువు. నేను చెప్పింది చెప్పినట్టు చదువు.